అత్త దవడ జారిన నాడు

ఇద్దరు ముసలివాళ్లు ఎదురుపడితే కుశలప్రశ్నలు మోకాళ్లతోనే మొదలవుతాయి. నేను నర్సుగా చేసి రిటైరయ్యానని తెలిసిన పాపానికి, ఇంటికొచ్చినవాళ్లు మంచినీళ్లు తాగకముందే మోకాలు చూపిస్తారు. అరిగిపోయిందంటారు, గుజ్జు అయిపోయిందంటారు, మెట్లెక్కితే కరకరమంటోందంటారు. నావేమైనా కొత్త మోకాళ్లా? అయినా వింటాను. కానీ ఒంట్లో ఉన్న కీళ్లన్నిటిలో నన్ను భయపెట్టింది మోకాలు కాదు, తుంటి కాదు, దవడ. నా ఎదురుగా ఎవరైనా నోరు బార్లా తెరిచి ఆవలిస్తే ఈ వయసులో కూడా గుండె దడదడలాడుతుంది. మూసుకో నాయనా, మూసుకో అని కసురుతాను. నాకు చాదస్తమని అనుకుంటారు. అనుకోనీ.

ట్రైనింగులో మాకు కీళ్ల పాఠం చెప్పిన సిస్టరు బొమ్మలతో సరిపెట్టే మనిషి కాదు. ఒకనాడు ఖరగ్‌పూర్ గోల్ బజారు నుంచి మేక కాలు తెప్పించి, కీలు దగ్గర విప్పి బల్ల మీద పెట్టింది. ఎముక కొసన లేత కొబ్బరిలా తెల్లగా, తడిగా మెరిసే పొర ఒకటి కనపడింది. వేలు పెడితే జర్రున జారింది. మృదులాస్థి అంటే అదేనని చెప్పింది. దానికి నెత్తుటి నాళాలు లేవు, నరాలు లేవు. కీలు చుట్టూ ఉన్న తిత్తిలో ఊరే జిగురునీరే దానికి తిండి. గీరుకుపోయినా దానికి నొప్పి తెలియదు, చెడిపోతే మళ్లీ సరిగ్గా పెరగదు. కీలు నొప్పి అని మనం ఏడ్చేదంతా తిత్తి నొప్పి, కండరాల నొప్పి, ఎముక నొప్పి. ఇంటెడు చాకిరీ చేసి నోరెత్తని కోడలన్నమాట అని పక్క పిల్లతో గొణిగి తిట్లు తిన్నాను. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు.

తర్వాత మమ్మల్ని చెవి ముందు వేళ్లు ఆనించుకుని నోరు తెరవమంది. మీరూ పెట్టి చూడండి. నోరు తెరుస్తుంటే వేలి కింద చిన్న గుబ్బ ముందుకు కదులుతుంది. అది కింది దవడ ఎముక కొస. పుర్రెలో దాని కోసం ఒక గుంట ఉంటుంది. గుంటకీ గుబ్బకీ మధ్య గట్టి మృదులాస్థి బిళ్ల. మోచెయ్యి తలుపు బందులా ఉన్నచోటే తిరుగుతుంది గానీ దవడ అలా కాదు. నోరు పెద్దగా తెరిచినప్పుడల్లా గుబ్బా బిళ్లా కలిసి గుంటలోంచి జారి, ముందున్న మిట్ట దాకా వెళ్లి, నోరు మూయగానే వెనక్కి వస్తాయి. ఎప్పుడైనా ఆ మిట్ట దాటిందా, ఇక వాటంతటవి రావు. నమిలే కండరాలు బిగుసుకుని దవడను పైకి లాగి పట్టేస్తాయి. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. పాపం చూసినవాళ్లు గడ్డం కింద చెయ్యిపెట్టి పైకి నెడతారు, అది ఇంకా బిగుస్తుంది. ముందు కిందికి నొక్కాలి, ఆ తర్వాతే వెనక్కి తొయ్యాలి.

రైల్వే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాక దాన్ని సరిచెయ్యడం ఒక్కసారి చూశాను. ఎవరో గూడ్సు గార్డు నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, కళ్లనీళ్లతో వచ్చాడు. డాక్టరుగారు బొటనవేళ్లకు గుడ్డ దట్టంగా చుట్టుకుని, అతన్ని ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చోబెట్టి, కింది దంతాల మీద వేళ్లుంచి నొక్కారు. ఠక్కుమంది. నోరు మూసుకునే ఊపులో వేళ్లు తెగిపోగలవని, దవడ కూర్చోగానే బొటనవేళ్లను చెంపల వైపు తప్పించాలని నాకు చూపించారు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను, అంతే. చెయ్యి వెయ్యలేదు.

ఇక మా అత్త. మా మామ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సుత్తి పట్టినవాడు. పంతొమ్మిదివందల అరవైల్లో నేను కాపురానికి వెళ్లేసరికి ఆయన లేడు. మా ఆయన అదే వర్క్‌షాపులో చక్రాల దగ్గర ఫిట్టరు. రైల్వే క్వార్టర్ల లైన్లో మా ఇంట ఉండేది మేం ముగ్గురమే. అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం వర్క్‌షాపు హూటరు. మా వైపు పెద్దవాళ్లలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. నోట్లో నిప్పుతోనే నన్ను తిట్టగలిగేది. అందరి పుళ్లూ కడిగి వచ్చిన ఒళ్లని, పెరట్లో స్నానం చేస్తే తప్ప నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. తాటిచెట్టని పేరు పెట్టింది, నేను పొడుగు కాబట్టి. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా?

అన్నం తింటున్నప్పుడు ఆమె దవడ టిక్కుటిక్కుమనేది. మృదులాస్థి బిళ్ల పక్కకి తప్పుకుని మళ్లీ సర్దుకునే చప్పుడది. నాకు తెలుసు కాబట్టి నాకే వినపడేది. ఒకసారి పెరట్లో బట్టలారేస్తుంటే ఆవలించి, అలాగే గోడవైపు తిరిగిపోయింది. రెండు చేతులతో దవడ పట్టుకుని ఏదో చేసుకుంది. ఠక్. తిరిగి చూసేసరికి నేను వెనకాలే ఉన్నాను.

"ఏటే, ఏటి సూస్తన్నావు?"

"అత్తా, దవడ జారిపోతంది నీకు. డాక్టరుబాబుకి సూపిద్దాం."

"నోరు ముయ్యి. ఎవులికైనా సెప్పినావంటే వూరుకోను. నోరు పెద్దదని అమ్మోరు దవడ తిప్పేసినాదని లైనంతా నవ్వుతారే!"

నిజమే, నవ్వేవాళ్లు. ఆమె నోటికి జడవని ఇల్లు మా లైన్లో లేదు. అందుకని కొడుకుతో కూడా చెప్పలేదు. జారినప్పుడల్లా గోడవైపు తిరిగి తన చేతులతో తనే సర్దుకునేది. నేను చూడనట్టు నటించేదాన్ని.

మా తెలుగువాళ్లు అమ్మోరి పండగనీ, బెంగాలీ ఇరుగుపొరుగు మాతా పూజ అనీ పిలిచే ఉత్సవం ఆ ఏడు ఎండలు ముదిరాక వచ్చింది. ఆడవాళ్లు ఉపవాసముండి, పసుపు పూసి వేపమండలు కట్టిన ఘటం తలకెత్తుకుని, డప్పులతో క్వార్టర్ల లైన్లన్నీ తిరిగి గుడి చేరాలి. ఘటమంటే కుండే, కానీ ఎత్తాక అది అమ్మోరే. గుడి గడప దాకా దాన్ని దించకూడదు. దారిలో దించితే పేటంతటికీ అరిష్టమని నమ్మకం. పక్క లైన్లో పిల్లలకి అప్పటికే మశూచి పోసి ఉంది. నేను ఆసుపత్రిలో ఆ పిల్లల్ని చూసి వస్తున్నదాన్ని, కాబట్టి ఆ భయాన్ని ఇప్పుడు తేలిగ్గా మాట్లాడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

మా అత్త ఏటా ఘటమెత్తేది. ఉద్యోగం, పెన్షను, పట్టాభిషేకం అన్నీ ఆమెకు అదే. అలాగని పూనకాలను నమ్మేది కాదు. ఎవరైనా ఊగిపోతుంటే "అమ్మోరు కాదు దానికి, ఆకలొచ్చినాది" అని పైకే అనేసేది. ఆ పోట్లాటలు పండగ అయ్యాక కూడా నడిచేవి.

ఆ రోజు నాకు పొద్దుటి డ్యూటీ. మధ్యాహ్నం తెల్లచీరలోనే ఇంటికి వస్తుంటే మా లైను మొదట్లోనే డప్పులు వినపడ్డాయి. ఊరేగింపు డప్పు కాదు. కదలకుండా ఒకేచోట నిలబడి, చేతులు విరిగేలా కొడుతున్న డప్పు. పక్కింటి బెంగాలీ దీదీ అరుగు మీద నిలబడి, నాలుక ఆడిస్తూ ఉలులులుమని ఉలుధ్వని చేస్తోంది. నన్ను చూసి ఆపి, కళ్లు పెద్దవి చేసి, "తోమార్ శాశుడీర్ ఓపోర్ మా ఎషేఛేన్!" అంది. మా అత్త మీదికి అమ్మవారు వచ్చిందట. నాకు నవ్వొచ్చింది. మా అత్త మీదికా? అమ్మవారికి అంత ధైర్యమా?

జనాన్ని తప్పించుకుని ముందుకు వెళ్లి చూశాను. నవ్వు చచ్చిపోయింది.

అత్త నడివీధిలో నిలబడి ఉంది. తలమీద ఘటం, దాన్ని రెండు చేతులూ పైకెత్తి పట్టుకుంది. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. గడ్డం ముందుకు పొడుచుకొచ్చింది. నాలుక కదులుతోంది, చొంగ ఛాతీ మీదికి కారుతోంది. "ఆ... ఆ..." తప్ప గొంతులోంచి మాట రావడం లేదు. ఒళ్లంతా వణుకుతోంది. ఎదుట జనం మోకాళ్ల మీద కూలబడి దండాలు పెడుతున్నారు. ఏళ్ల తరబడి పూనకాలను వెక్కిరించినదాన్నే అమ్మోరు పట్టుకున్నాదని ఒకావిడ ఏడుస్తోంది. నేను అత్త చెవుల ముందు చూశాను. గుబ్బ ఉండవలసినచోట రెండు వైపులా గుంటలు పడ్డాయి.

జరిగింది ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఉపవాసం, ఎండ, నడక. ఆవలింత వచ్చి ఉంటుంది. అమ్మోరిని మోస్తూ ఆవలించడమేమిటని ఆపుకుని, ఆపుకుని, ఇక ఆగక నోరంతా తెరిచి ఉంటుంది. ఎప్పటిలా చేత్తో సర్దుకుందామంటే చేతులు రెండూ ఘటం మీద ఉన్నాయి. ఒక్క చెయ్యి తీసినా ఆ వణుకుకి కుండ పడుతుంది. దించమని నోటితో చెప్పలేదు, చెప్పగలిగినా దించదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే. ఆ మనిషి చేతులు వదలకుండా నిలబడే ఉంది.

"పలకమ్మా! ఏటి తప్పు సేసినాం? పిల్లలకెందుకు పోసినావు?" అని పూజారి అడుగుతున్నాడు. ఆయనా వర్క్‌షాపు మనిషే, పండక్కి సెలవు పెట్టి పూజారి అవుతాడు. చెడ్డవాడు కాదు. ఆయన కూతురికీ మశూచి పోసింది. అందుకే ఆ గొంతులో అంత ఏడుపు ఉంది. జవాబు రాకపోయేసరికి అమ్మోరు కోపంగా ఉన్నాదనుకున్నారు. శాంతించడానికి ముర్రాట, అంటే వేపాకు వేసిన పసుపునీళ్లు, చెంబులతో నెత్తిన పోశారు. నీళ్లు ముఖం మీంచి నేరుగా తెరిచిన నోట్లోకి పోయాయి. నోరు మూయకుండా మింగి చూడండి, తెలుస్తుంది. అత్తకి పొలమారింది. దగ్గుతో కుండ ఊగింది. జనం "అమ్మా, అమ్మా" అని అరిచారు. డప్పు ఇంకా పెరిగింది.

మా ఆయన తల్లి వెనకాలే ఉన్నాడు, పసుపు పంచె, భుజాన పసుపు తువ్వాలు. చేతులు జోడించుకుని కళ్లు మూసుకున్నాడు. వెనకనుంచి వెళ్లి చెవిలో చెప్పాను. "ఏవండీ, పూనకం కాదు. మీ యమ్మకి దవడ జారిపోయినాది."

ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. "తానం సెయ్యనేదు నువ్వు, ముట్టుకోకు! ఆసుపత్రి గుడ్డలతో ఈడికెందుకొచ్చినావు?"

అప్పుడే పూజారి తమలపాకు మీద కర్పూరం బిళ్ల పెట్టి పైకెత్తాడు. పలకని అమ్మోరిని పలికించడానికి మా వాళ్లలో అదొక పద్ధతి. వెలిగించిన కర్పూరం నాలుక మీద పెడతారు. పూనినవాళ్లు టక్కున నోరు మూసేస్తారు, గాలి అందక మంట ఆరిపోతుంది, నోరు కాలదు. మంటను అమ్మోరు మింగిందంటారు. నేను చిన్నప్పటినుంచీ చూసినదే.

మూసుకోలేని నోట్లో పెడితే?

కాలే కర్పూరం తడి నాలుక మీద అంటుకుని చివరిదాకా కాలుతుంది. ఉమ్మెయ్యలేదు, మింగలేదు. జారిందంటే గొంతులోకి పోతుంది. ఒళ్లు కాలిన మనుషుల్ని రోజూ చూసే ఉద్యోగం నాది, నోటి లోపల కాలితే ఆ మనిషి ఏమవుతుందో నాకు తెలుసు.

"ఆపించండి! మీ యమ్మ నోరు మూసుకోనేదు. నిప్పెట్టినారంటే సచ్చిపోద్ది!"

"మాయమ్మకి నిప్పు కొత్తేటి? రోజూ అడ్డపొగ తాగే మనిషి!"

"నోరు మూసుకుని తాగుతాది కదండీ! ఇప్పుడేదీ మూసుకోడం? మీ సేత్తో మీరే సూడండి. సెవి ముందు వేలెట్టండి. నిన్న నేని గుంట అక్కడుంటాది. పెట్టండి, బేగి!"

ఆయన నా ముఖం చూశాడు. తర్వాత, ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు, వెనకనుంచి చెయ్యి చాపి తల్లి చెవి ముందు వేలు పెట్టాడు. వేలు గుంటలోకి దిగింది. రోజంతా చక్రాలకీ ఇరుసులకీ వేళ్లు పెట్టి తేడా పట్టుకునే మనిషి. ఆయన ముఖం తెల్లబోయింది. తల్లి కళ్లు పక్కకి తిప్పి కొడుకుని చూసింది. ఆ కళ్లలో ఉన్నది అమ్మోరు కాదని ఎవరికైనా అర్థమయ్యేదే, దగ్గరగా చూస్తే. దండాలు పెట్టేవాళ్లు దగ్గరగా చూడరు.

"ఏటి సెయ్యాలి?" అన్నాడు.

"కుండ పట్టుకోండి. దించొద్దు. తల మీదే అదిమి పట్టి, తలని మీ గుండెకి ఆనించుకోండి. కదలనివ్వొద్దు."

ఆయన భుజం మీది తువ్వాలు లాగి, పళ్లతో రెండుగా చింపి, బొటనవేళ్లకు చుట్టుకున్నాను. పూజారి కర్పూరం వెలిగించాడు. నేను పూజారికీ అత్తకీ మధ్యలోకి దూరాను. నా వీపు ఆయన చేతికి తగిలి తమలపాకు కిందపడింది. మంట నా చీర అంచు దగ్గర కాసేపు కాలి ఆరింది.

ఒక్కసారిగా అరుపులు. "మైలబట్టతో ముట్టుకున్నాది!" "అమ్మోరి నోట్లో సెయ్యెడతన్నాది!" ఎవరో నా జడ పట్టి వెనక్కి గుంజారు. మెడ విరిగినంత నొప్పి. నేను వేళ్లు తియ్యలేదు. కింది దంతాల వరస చివరిదాకా బొటనవేళ్లు పోనిచ్చి, మిగతా వేళ్లతో గడ్డాన్ని కిందనుంచి పట్టుకుని, నా పొడుగంతా ఉపయోగించి కిందికి నొక్కాను. కదల్లేదు. రాయిలా ఉంది. చెంపల కండరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. మళ్లీ నొక్కాను. అత్త గొంతులోంచి వచ్చిన కేక నా మణికట్లలో మోగింది.

భయం వేసింది. తప్పు చేస్తున్నానేమో, ఎముక విరుస్తున్నానేమో అనిపించింది. ఆ డాక్టరుగారు అప్పుడు రోగితో మెల్లగా ఏదో మాట్లాడుతూనే ఉన్నారని గుర్తొచ్చింది. బలం ఒక్కటే చాలదు, అవతలి మనిషి ఒదులవ్వాలి.

"అత్తా," అన్నాను, ముఖం దగ్గర ముఖం పెట్టి. "నాను. తాటిసెట్టుని. కుండ మీ అబ్బాయి పట్టుకున్నాడు, పడదు. సేతులొదిలీ. ఒళ్లొదిలీ. బిగబట్టకు. నన్ను నమ్ము అత్తా."

కాపురానికి వచ్చిన నాటినుంచీ నన్ను ఏ ఒక్క పనిలోనూ నమ్మని మనిషి. ఉప్పు వేస్తే మళ్లీ రుచి చూసేది, తలుపు గడియ వేస్తే మళ్లీ లేచి చూసేది. నా కళ్లలోకి చూసింది. తర్వాత చేతులు కుండ మీంచి మెల్లగా జారి, నా నడుము మీద పడ్డాయి. కళ్లు మూసుకుంది. నా వేళ్ల కింద బిగువు కొద్దిగా, చాలా కొద్దిగా సడలింది.

కిందికి నొక్కాను. వెనక్కి తోశాను. ఠక్.

దవడ కూర్చుంది. పళ్లు నా వేళ్ల మీద పడ్డాయి. ఎడమ బొటనవేలు తప్పించుకుంది, కుడిది చిక్కింది. తువ్వాలు గుడ్డ తెగి గోటి దాకా దిగాయి. ఆ మచ్చ ఇంకా ఉంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, నొప్పి మాత్రం తర్వాతే తెలిసింది.

డప్పు ఆగిపోయింది. నా వేలి నుంచి నెత్తురు అత్త గడ్డం మీద, మెడ మీద కారుతోంది. నేను అరచెయ్యి ఆమె గడ్డం కింద ఆనించి పట్టుకుని, "మాటాడకు అత్తా. నోరు తెరవకు. ఇప్పుడు తెరిస్తే మళ్లీ జారిపోద్ది" అని చెప్పాను. కొత్తగా కూర్చున్న కీలు ఎంత తేలిగ్గా మళ్లీ తప్పుతుందో, తిత్తి ఎంత సాగిపోయి ఉంటుందో ఆ జనానికి ఎవరు చెబుతారు?

పూజారి నా ముందుకొచ్చాడు. "అమ్మోరిని పంపించేసినావు. పలకబోతన్న అమ్మోరిని నోరు నొక్కి పంపించేసినావే. నా కూతురుకేటైనా అయితే... పేటలో పిల్లలకి ఏటైనా అయితే ఎవులే దిక్కు?"

దవడ కీలు, గుంట, గుబ్బ అని నేనేదో మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. వెనకనుంచి "కొట్టండి దాన్ని" అన్నారు. "ఆలని లైన్లోంచి ఎల్లగొట్టండి" అన్నారు. నిన్నటిదాకా నా చేత పిల్లలకి సూదులు వేయించుకున్న తల్లులే. వాళ్ల ముఖాల్లో ఉన్నది దుర్మార్గం కాదు, భయం. భయపడ్డ జనానికి జాలి ఉండదు. ఒక మగవాడు డప్పు కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. మా ఆయన కదల్లేడు, కదిలితే కుండ పడుతుంది. నేను అత్త గడ్డం వదల్లేను. అలాగే నిలబడి, ఆ కర్ర వైపు చూడకుండా కళ్లు మూసుకున్నాను.

నా అరచెయ్యి కింద దవడ కదిలింది.

"ఎవుడ్రా అది?"

పళ్లు బిగబట్టే మాట్లాడింది. పెదాలు మాత్రమే కదిలాయి. రోజూ వినే గొంతు కాదు, బొంగురుగా, లోపలినుంచి ఉరుముతున్నట్టు ఉంది. కర్ర పట్టుకున్నవాడు ఉన్నచోటే ఆగిపోయాడు.

"నానే పిలిసినాను దీన్ని. నా నోట్లో సెయ్యెట్టమన్నది నానే. దీని నెత్తురు తాగినాను, సల్లారినాను. ఇది నా బిడ్డ. దీని మీద సెయ్యేసినోడు నా మీద సెయ్యేసినట్టే."

ఒక్కొక్క మాటా నా అరచేతికి తగిలింది. ప్రతి మాటకీ ఆ గుబ్బ గుంట అంచు దాకా వచ్చి వెళుతోందని నాకు తెలుసు. ఎంత నొప్పి పుడుతోందో కూడా తెలుసు. వద్దత్తా, వద్దు అని గొణుగుతూ గడ్డాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఆగలేదు.

"సల్లగా సూస్తాను మీ పిల్లల్ని. నడవండి."

పూజారి భోరున ఏడ్చి నేలమీద సాగిలపడ్డాడు. నా కాళ్లకి కూడా దండం పెట్టాడు, నేను తప్పించుకోబోతే పట్టుకుని మరీ పెట్టాడు. డప్పు మళ్లీ మొదలైంది. అత్త చేతులు పైకెత్తి కొడుకు చేతుల్లోంచి ఘటం పట్టుకుంది. గుడి దాకా నేను పక్కనే నడిచాను, మైలచీరతో, ఒక చెయ్యి ఆమె గడ్డం కింద పెట్టి. ఎవరూ కాదనలేదు.

సాయంత్రం ఇంట్లో గడ్డం కిందనుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టి, పలచగా గంజి కాచి, చెంచాతో ఆమె నోట్లో పోశాను. అప్పటిదాకా ఆపుకున్న కోపం అప్పుడు వచ్చింది. మాట్లాడొద్దంటే ఎందుకు మాట్లాడావు, మళ్లీ జారితే వాళ్ల మధ్యలో ఏం చేసేదాన్ని అని అరిచాను. గంజి మింగి, గుడ్డ కట్టిన దవడతోనే మెల్లగా అంది.

"నానూరుకుంటే నిన్ను కొట్టి సంపేద్దురు."

ఇంకో చెంచా పోసి అడిగాను. "అత్తా, నిజం సెప్పు. అప్పుడు నీ మీదికి వొచ్చినాదా అమ్మోరు?"

"రానేదే." గోడవైపు తిరిగింది. "అమ్మోరి పేరెట్టి అబద్ధమాడినాను. ఇన్నేళ్లూ ఆలందరినీ దొంగపూనకాలని తిట్టినాను, ఈయేల నానే ఆడినాను. ఆ పాపం నీకూ ఆడికీ తగలకుండా మొక్కుకున్నాను."

"ఏటి మొక్కుకున్నావు?"

"ఇంక ఘటమెత్తను."

పూజారి కూతురు బతికింది. మొహాన మచ్చలతో, బతికింది. దాంతో మా అత్త పేరు పేటంతా మోగిపోయింది. మరుసటి ఏడు పండగకి ముందు ఊరంతా మా గుమ్మంలోకి వచ్చింది, నువ్వే ముందు ఘటం ఎత్తాలి, నీ నోటనే అమ్మోరు పలికింది అని. కాళ్లు పట్టుకున్నారు. దవడ బాగోలేదని చెప్పి అందరినీ పంపేసింది. దవడ బాగానే ఉందని నాకు తెలుసు. డాక్టరుకి చూపించింది నేనే. ఘటమెత్తొచ్చని ఆయన అన్నారు కూడా.

డప్పులు మా లైన్లోకి వచ్చినప్పుడు ఆమె గుమ్మంలోకి రాలేదు. వంటింట్లో చేటలో పప్పు పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఘటాలు మా ఇంటి ముందు కాసేపు ఆగి, పిలిచి, వెళ్లిపోయాయి. చప్పుడు గుడివైపు మళ్లి సన్నగిల్లేదాకా ఆమె తల ఎత్తలేదు.

"ఏటలాగ నిలబడిపోయినావు? డూటీకి టైమవనేదా?" అంది.

ఆ రోజు నేను డ్యూటీకి వెళ్లలేదు. ఆమె పక్కన కూర్చుని, చేట మీదికి ఒంగి, ఆమెకు వినపడేలాగే ఏడ్చాను.